మాల తీసిన మర్నాడు

కార్తీకం వస్తే మనవైపు చాలా ఇళ్లు ఊపిరి పీల్చుకుంటాయి. ఏడాదంతా తాగే మనిషి నల్లబట్టలు కట్టి, అయ్యప్ప మాల వేసుకుని, చలిలో చన్నీళ్లు పోసుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసేస్తాడు. ఆ తర్వాతి సంగతి ఆ ఇంటి ఆడవాళ్లకు తెలుసు.

మా అన్నయ్య అలా చాలా మాలలు వేశాడు. (ఇది ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.) మనసు గట్టిది కాదని బంధువులు అనేవారు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ ఆయన చుట్టూ మనుషులుండేవారు. సాయంత్రం పూజకు తోటి స్వాములు, భిక్షకు పిలిచే ఇళ్లు, తప్పొప్పులు చూసే గురుస్వామి, చిన్నా పెద్దా అందరి నోటా ‘స్వామీ’ అనే పిలుపు. మాల తీయగానే అదంతా ఒక్కరోజులో చెదిరిపోయేది. సాయంత్రం ఏడు గంటలు మాత్రం రోజూ వచ్చేది. ఆ ఏడు గంటలకు తోడు ఎక్కడ దొరుకుతుందా అని నేను వెతకడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే ముందు డాక్టరు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు. రెండుమూడు రోజులకు లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదకూ రావచ్చు. గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పించే పని ఎవరూ చేయకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వ్యసనాల నుంచి బయటపడాలనుకునే వాళ్ల కోసం 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లున్నాయి.

మాకు ఆల్కహాలిక్స్ అనానిమస్ పేరు చెప్పింది ఆస్పత్రి వార్డులో నర్సమ్మ. తాగుడు మానాలనుకునే వాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం అది, ఏఏ అంటారు. ఫోన్ చేసింది నేను. ఎత్తినాయన రెండు ముక్కలు విని, “అమ్మా, ఒకసారి అన్నయ్యకే ఇవ్వండి ఫోన్” అన్నారు. ఇచ్చాను. ఏ ఊరని గానీ, ఏం చేస్తారని గానీ, ఇంటిపేరేమిటని గానీ ఆయన అడగలేదు. మన దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మొట్టమొదట వచ్చేవి ఆ ప్రశ్నలే కదా. “నేనూ తాగేవాణ్నే అన్నా, సాయంత్రాలు నాకూ కష్టంగానే ఉండేవి” అని తన సంగతి మొదలుపెట్టారు. అన్నయ్య ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. చాలాసేపటిదాకా రాలేదు.

ఏఏ పుట్టుకలోనూ ఇలాంటి ఫోనే ఉంది. 1935 మేలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు పనిమీద ఒహాయోలోని ఏక్రన్‌కు వెళ్లాడు. ఆ పని చెడింది. తాగుడు మానేసి అప్పటికి కొన్ని నెలలే. హోటల్ లాబీలో ఒకవైపు బారు, మరోవైపు టెలిఫోను. తాను నిలబడాలంటే తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తెలిసింది. చర్చి వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లూ వీళ్లూ చెప్పగా మర్నాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే తాగుబోతు సర్జన్‌ను కలిశాడు. పావుగంట కూర్చుంటానని వచ్చిన డాక్టరు రాత్రి పదకొండు దాటినా లేవలేదు. అందుకే, ఫోన్ చేయడానికి మొహమాటపడే వాళ్లకు నేను ఇదే చెబుతాను. అవతలి మనిషి మనకు ఉపకారం చేయడం లేదు. మన ఫోన్ ఆయనకూ అవసరమే.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా మీటింగుల వివరాలుంటాయి. వెళ్లేముందు ఫోన్ చేసి టైము, గది అడగండి, మారుతుంటాయి. ఏ భాషలో మాట్లాడుకుంటారో అడగండి. అది చిన్న విషయం కాదు, కడుపులో మాట పరాయి భాషలో రాదు. ఓపెన్ మీటింగ్‌కు ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు, పేరు కూడా పూర్తిగా చెప్పనక్కర్లేదు. మొదటి మీటింగ్ నచ్చకపోతే ఇంకో గ్రూపుకు వెళ్లండి, గ్రూపుకో స్వభావం ఉంటుంది. దేవుడి ప్రస్తావన కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. తమకంటే పెద్ద శక్తి అంటే ఏదో ఎవరికి వాళ్లు అనుకోవచ్చన్నది అక్కడి పద్ధతి.

మాటలతో తాగుడు పోతుందా అని మా బావగారు అడిగారు. 2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో, ఏఏ మీటింగులకు అలవాటు చేసే చికిత్స మిగతా కౌన్సెలింగ్ పద్ధతులకంటే మెరుగ్గా పనిచేసిందని తేలింది. అందరికీ పనిచేస్తుందని ఎవరూ అనరు. మందులు అవసరమైన వాళ్లు అవీ వాడాలి.

ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే ఉంది. విల్సన్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టింది. సీసాలు వెతకడం, జేబులు తడమడం, లెక్కలు అడగడం మానేయడం నేను అక్కడే నేర్చుకున్నాను.

నన్ను ఎక్కువ బాధించేది తాగుడులో చిక్కుకున్న ఆడవాళ్ల సంగతి. మగాడు తాగితే ఇంటికి కష్టం అంటాం, ఆడది తాగితే మనిషే చెడ్డది అంటాం. దాంతో వాళ్లు తలుపు వేసుకుని తాగుతారు, ఆస్పత్రికి చివర్లో వస్తారు. గదినిండా మగవాళ్లుండే మీటింగ్‌కు ఒంటరిగా వెళ్లడం వాళ్లకు తేలిక కాదు. ఆన్‌లైన్ మీటింగులున్నాయి, ఆడవాళ్లకే ప్రత్యేకమైనవీ ఉన్నాయి. ఫోన్ చేసినప్పుడు “ఆడమనిషి ఎవరైనా ఉంటే మాట్లాడతాను” అని అడగండి. అలా అడగొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు.