ఒక్క కన్ను చాలదు

రొమ్ములో గడ్డ కనిపించి ముక్క పరీక్షకు పంపారంటే, రిపోర్టు వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ ముక్కను మైక్రోస్కోపు కింద చూసి క్యాన్సరో కాదో తేల్చే పాథాలజిస్టు ముఖం రోగికి ఎప్పుడూ కనిపించదు. కనిపించేది సంతకం ఒక్కటే. సర్జన్ కత్తి పట్టేదీ, క్యాన్సర్ డాక్టరు మందు రాసేదీ దాన్ని నమ్ముకునే. మరి ఆ సంతకాన్ని సరిచూసేదెవరు? ల్యాబులో ఒంటరిగా కూర్చున్న డాక్టరు తన పొరపాటును తానే పట్టుకోవడం చాలా కష్టం. తప్పు చూసిన కంటికి అది ఒప్పుగానే తోస్తుంది. ఈ చిక్కుకు విరుగుడు వెతికినవాళ్లలో ముందువరసలో నిలిచినవి పాథాలజిస్టుల వృత్తి సంఘాలు.

అలాంటి ఒక సంఘం మూలాలు కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్నాయి. అక్కడ మాడ్ ఆబట్ అనే డాక్టరు ఉండేవారు. స్త్రీ అయినందుకు మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆమెకు వైద్యవిద్యలో సీటు ఇవ్వలేదు. వేరే చోట చదివి డాక్టరయ్యాక, చివరికి అదే విశ్వవిద్యాలయపు వైద్య మ్యూజియం బాధ్యత ఆమె చేతికే వచ్చింది. పుట్టుకతో లోపమున్న గుండెలు అక్కడ జాడీల్లో భద్రపరిచి ఉండేవి. అలాంటి గుండెలు ఒక్క డాక్టరు జీవితకాలంలో చూసేవి ఎన్ని? అందుకే 1906లో ఆమె మరికొందరితో కలిసి వైద్య మ్యూజియంల అంతర్జాతీయ సంఘాన్ని నెలకొల్పారు. ఒక చోట దొరికిన నమూనా అందరికీ పాఠం కావాలన్నది సంకల్పం. 1936లో ఆమె వెలువరించిన గుండె లోపాల అట్లాస్‌కు ఆధారం వెయ్యి కేసులు. ఆ సంఘమే తర్వాత అంతర్జాతీయ పాథాలజీ అకాడమీ అయింది. దానికి భారతదేశ విభాగం కూడా ఉంది.

నేడు పాథాలజిస్టులు జరుపుకునే స్లైడ్ సెమినార్లలోనూ ఉన్నది ఆ సంకల్పమే. ఒకే కేసు స్లైడ్లను ముందుగానే అందరికీ ఇస్తారు. ఎవరికి వారు చూసి నిర్ధారణ రాసుకుంటారు. తర్వాత అందరి ముందూ చర్చ పెడతారు. ప్రొఫెసరు ఒకటి రాసి, ఊళ్లో ల్యాబు నడిపే డాక్టరు మరొకటి రాస్తే, ఇద్దరూ కణం ఆకారాన్ని చూపించి వాదించుకోవాల్సిందే. అక్కడ హోదా పనిచేయదు.

రక్తపరీక్షల దగ్గర ఈ పద్ధతి ఇంకా పదునెక్కింది. 1947లో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు గ్లూకోజు, యూరియా, కాల్షియం లాంటివి ఎంతెంత ఉన్నాయో తమకు ముందే తెలిసిన ద్రావణాలను పెన్సిల్వేనియాలోని ఆసుపత్రి ల్యాబులకు పంపి, కొలిచి చెప్పమన్నారు. సరైన జవాబులకన్నా సరికాని జవాబులే ఎక్కువ వచ్చాయి. ఈ పరీక్ష పెట్టినవాళ్లు బయటివాళ్లు కారు, ఆ వృత్తిలోని వాళ్లే. దాచిపెట్టకుండా పత్రికలో అచ్చు వేశారు కూడా. కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్ అనే వృత్తి సంఘం ఆ పద్ధతిని అందిపుచ్చుకుని ఏటేటా జరిగే కార్యక్రమంగా మలిచింది. ఇలాంటి పరీక్షలు అక్కడ చట్టంలోకి ఎక్కింది ఆ తర్వాతే.

సంఘం మాట రోగి ప్రాణానికి ఎంత దగ్గరో తెలియాలంటే హెర్2 పరీక్షను చూడాలి. రొమ్ము క్యాన్సర్ కణాలపై హెర్2 అనే ప్రోటీన్ మోతాదుకు మించి ఉంటేనే ట్రాస్టుజుమాబ్ అనే ఖరీదైన మందు పనిచేస్తుంది. లేదన్న ఫలితం తప్పయితే ప్రాణం నిలిపే మందు చేజారుతుంది. ఉందన్న ఫలితం తప్పయితే డబ్బు పోవడమే కాదు, గుండెకూ ముప్పు. ఈ పరీక్షల్లో దాదాపు 20 శాతం తప్పుతున్నాయేమోనని 2007లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, పైన చెప్పిన పాథాలజిస్టుల కాలేజీ కలిసి అంచనా వేసి, నియమాలు రాశాయి. అవి మైక్రోస్కోపు దగ్గర కాదు, ఆపరేషన్ థియేటర్లోనే మొదలవుతాయి. ఇప్పటి నియమం ప్రకారం తీసిన ముక్క గంటలోపు, కణాలు చెడకుండా కాపాడే ఫార్మలిన్ ద్రావణంలో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. ముక్కను సెలైన్ సీసాలో వేసి పంపితే కణాలు కుళ్లిపోతాయి. ఆ తర్వాత ఎంత గొప్ప పాథాలజిస్టు చూసినా చదవడానికి మిగిలేది కొంతే.

మన దేశంలో పాథాలజిస్టులు, మైక్రోబయాలజిస్టుల సంఘం 1949 నుంచి ఉంది. క్లినికల్ బయోకెమిస్టుల సంఘం వెల్లూరు సీఎంసీతో కలిసి దేశమంతటా ల్యాబులకు నమూనాలు పంపి సరిచూస్తోంది. ల్యాబు చెప్పిన విలువ తోటి ల్యాబుల విలువకు ఎంత దూరంలో ఉందో నివేదిక వస్తుంది. నా దృష్టిలో సంఘాల సదస్సులకన్నా, సన్మానాలకన్నా విలువైనది ఆ నమూనా ఉన్న చిన్న సీసా. ల్యాబుల నాణ్యతను తూచే ఎన్ఏబీఎల్ సంస్థ గుర్తింపు కావాలంటే ఇలాంటి పరీక్షలో పాల్గొనాలి. కానీ ఆ గుర్తింపు తీసుకోవడం ల్యాబు ఇష్టం. అందుకే వీధికో ల్యాబు వెలిసిన మన పట్టణాల్లో చాలామంది రోగులకు ఇలా సరిచూసే పద్ధతి ఉందన్న మాటే తెలియదు.

ఈసారి ల్యాబుకు వెళ్లినప్పుడు మీరే అడగండి: "మీ ఫలితాలను బయటివాళ్లెవరైనా సరిచూస్తున్నారా?" ముక్క పరీక్షయితే ఫార్మలిన్‌లోనే పంపుతున్నారా అని సర్జన్‌ను అడగండి. స్లైడ్లు, ముక్కను మైనంలో బిగించిన బ్లాకులు అడిగి తీసుకుని జాగ్రత్తగా దాచుకోండి. రెండో అభిప్రాయానికి అవే ఆధారం.