ఆకుపచ్చ చుక్క కింద ఇళ్ళు

తుఫాను కథలు ఎక్కువగా తుఫాను రాత్రితోనే అయిపోతాయి. గాలి, నీళ్ళు, డాబా ఎక్కిన కుటుంబం, తెల్లారాక శవాల లెక్క. ఆ తర్వాత ఏళ్ళ తరబడి జరిగే దరఖాస్తులు, సర్వేలు, మీటింగులు ఎవరికీ కథలా కనిపించవు. బోరు కదా మరి. కానీ ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరు బతుకుతారో తేలేది ఆ బోరు కొట్టే రోజుల్లోనే. డేవిడ్ సైమన్, ఎరిక్ ఓవర్‌మయర్ తీసిన 'ట్రెమే' (హెచ్‌బీఓ, 2010-13) నాకు ముఖ్యమైన సీరీస్ కావడానికి కారణం ఇదే. కత్రినా న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది 2005 ఆగస్టు 29న. ఈ కథ మొదలయ్యేది మూడు నెలల తర్వాత. అప్పటికి నీళ్ళు పోయాయి. నీళ్ళతోపాటు జనమూ పోయారు.

వాళ్ళలో తిరిగొచ్చిన ఒకడు ఆల్బర్ట్ లాంబ్రో. మార్డీ గ్రా పండగకి ఈకలతో, పూసలతో దుస్తులు కుట్టుకుని పాడుతూ వీధుల్లోకి వచ్చే ఒక నల్లజాతి బృందానికి పెద్ద. ఇల్లు పాడైపోయింది. పేటలోని ఒక బారును కడుక్కుని అందులోనే మకాం పెడతాడు. తన బృందంలో వాళ్ళు వెనక్కి రావాలంటే ఉండడానికి చోటు కావాలి. పెద్దగా దెబ్బతినని ప్రభుత్వ ఇళ్ళకు తాళాలెందుకు వేశారని అడుగుతాడు. జవాబు రాకపోతే ఒక ఇంట్లోకి చొరబడి కూర్చుంటాడు. పోలీసులు కొట్టి జైల్లో వేస్తారు. ఈ కోపం కల్పన కాదు. 2007 డిసెంబర్ 20న నగర కౌన్సిల్ నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాల్ని కూల్చడానికి ఏకగ్రీవంగా ఓటేసింది. సుమారు 4,500 ఇళ్ళు. అన్నాళ్ళూ వాటిలో ఉన్నవాళ్ళు చాలామంది ఊరి బయటే ఉన్నారు.

ఇంతవరకూ సీరీస్ బలం. నా పేచీ దీని తర్వాత.

కత్రినా అనంతర న్యూ ఆర్లీన్స్‌లో అందరూ చదివిన 'రచన' ఒకటుంది. అది నవలా కాదు, పాటా కాదు, ఒక పటం. మేయర్ రే నేగిన్ వేసిన కమిషన్ సిఫార్సుల్లోంచి తీసుకుని, 2006 జనవరి 11న 'టైమ్స్-పికయూన్' పత్రిక అచ్చేసింది. పల్లపు పేటల మీద పెద్ద పెద్ద ఆకుపచ్చ చుక్కలు. ముందుముందు అక్కడ పార్కులు రావచ్చని అర్థం. ఒక పేట బతకదగినదేనని నిరూపించుకోవడానికి అక్కడి జనానికి నాలుగు నెలల గడువు. ఆ పటం గీసినవాళ్ళది పిచ్చి ఆలోచనేం కాదు. నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. పల్లంలో మళ్ళీ ఇళ్ళు కడితే మళ్ళీ మునుగుతాయి. నీళ్ళు నిలవడానికి ఖాళీ జాగా కావాలన్న మాట ఇంజనీరింగ్ ప్రకారం సబబే. అయితే ఆ చుక్క ఎవరి ఇంటి మీద పడిందో ఆ ఇంటివాళ్ళకి ఆ సంగతి పేపర్లో చదివి తెలిసింది. చదవడానికి వాళ్ళు ఊళ్ళో కూడా లేరు. ఒకరు హ్యూస్టన్‌లో, ఒకరు అట్లాంటాలో.

బ్రాడ్‌మూర్ అలా చుక్క పడిన ఒక పేట. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి ఉండే చోటు. వాళ్ళు ఊరేగింపుతో ఆగలేదు. వీధికొకరు బాధ్యత తీసుకుని, ఎవరెక్కడున్నారో వెతికి, ఎవరు తిరిగొస్తారో ఇంటింటి లెక్క రాశారు. కమిటీలు వేసుకుని, హార్వర్డ్ కెనడీ స్కూల్ వాళ్ళ సాయంతో ఆ ఏడాదే తమ ప్రణాళిక తామే రాసుకున్నారు. బడి, లైబ్రరీ తిరిగి తెరిపించుకున్నారు. అప్పుడు ఆ పేట సంఘం అధ్యక్షురాలిగా ఉన్న లటోయా కాంట్రెల్ 2018లో ఆ నగరానికే మేయర్ అయ్యారు.

ఇంత నాటకీయత ఉన్న విషయం 'ట్రెమే'కి అందలేదు. డాలస్ నుంచి దిగి కూల్చివేత కాంట్రాక్టులు పట్టే నెల్సన్ హిడాల్గోకి రెండో సీజన్ నుంచి బోలెడు చోటు దొరికింది. ట్రంపెట్, ట్రోంబోన్, వంటిల్లు, ఈకల దుస్తులు అన్నిటికీ చోటుంది. పేట ప్రణాళిక రాసే పనిని తన కథగా మోసే ప్రధాన పాత్ర మాత్రం లేదు. సంస్కృతి నిలిస్తే ఊరు నిలుస్తుందని సీరీస్ నమ్మకం. దాన్లో నిజముంది. కానీ పాట పాడేవాడికి అద్దెకి ఇల్లు దొరకాలి. ఆ ఇల్లు ఉంటుందా ఉండదా అన్నది ఏదో హాల్లో, మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు తేల్చారు. ఒంటరిగా తిరగబడే ఆల్బర్ట్ మనకి నచ్చుతాడు. ఇంటింటి లెక్క రాసుకున్న ఆవిడ మన కథల్లోకి రాదు.

బ్రాడ్‌మూర్‌ని కూడా మరీ ముద్దు చేయక్కర్లేదు. వాళ్ళకి ముందునుంచీ ఒక సంఘం ఉంది, చదువుకున్న మనుషులున్నారు, బయట పరిచయాలున్నాయి. అవి లేని పేట తనని తాను ఎలా నిరూపించుకోవాలి? ఇళ్ళు కట్టుకోవడానికి డబ్బిచ్చిన 'రోడ్ హోమ్' పథకమే చూడండి. మరమ్మత్తు ఖర్చు, తుఫానుకు ముందు ఇంటి ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాన్నిబట్టి సాయం లెక్కగట్టారు. ఒకే రకం ఇల్లు, ఒకే నష్టం. నల్లజాతి పేటలో ఇంటి ధర తక్కువ కాబట్టి చెక్కూ చిన్నదే. దానిమీద 2008లో కేసు పడింది, 2011లో రాజీ కుదిరింది. ఆ సూత్రంలో జాతి అన్న మాటే లేదు. పాత అన్యాయాన్ని ధర అనే ఒక్క అంకె మోసుకొచ్చింది.

అధికారిక తెలుగులో ఈమధ్య 'స్థితిస్థాపకత' అంటున్నారు. బళ్ళో ఫిజిక్స్ పాఠంలో చదివిన మాటే. బలం తీసేస్తే వస్తువు పాత ఆకారానికి వచ్చే గుణం. తుఫాను తర్వాత ఊరు ఏ పాత ఆకారానికి రావాలి? ఆ తక్కువ ధరల ఆకారానికేనా? మన వాడుకలోని 'నిలదొక్కుకోవడం' నాకు నయమనిపిస్తుంది. అందులో కాళ్ళున్న మనుషులు, కాళ్ళ కింద నేల ఉన్నాయి. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నా ఉంది.

ఇది మనకీ దూరపు కథేం కాదు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేలమంది పోయారు. 1990 మే తుఫాను అదే కోస్తా మీదికి వచ్చినప్పుడు మరణాలు వెయ్యి లోపే. ఈ మధ్యలో హెచ్చరికలు మెరుగయ్యాయి, తుఫాను షెల్టర్లు లేచాయి, జనాన్ని ముందే తరలించారు. 1977 మీద మనకి కన్నీళ్ళున్నాయి, స్మారకాలున్నాయి. ఇల్లు వదలనన్న ముసలమ్మని ఒప్పించి లారీ ఎక్కించిన 1990 నాటి ఉద్యోగి ఏ కథలో ఉన్నాడు? 2014లో హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి. మంచి పనే. ఏ వీధికి ముందు, ఏ వీధికి తర్వాత అన్నది ఎవరు తేల్చారో అడిగే కథ కూడా రావాలి కదా.

'ట్రెమే' చూడండి, తప్పక చూడండి. పాటల కోసం చూసినా సరే. చూస్తూ, ఆల్బర్ట్ తాళం పగలగొట్టిన ఆ ఇంటి మీద తర్వాత జరిగిన ఓటింగును కూడా గుర్తుపెట్టుకోండి. మనలో ఎవరైనా తుఫాను నవల రాయబోతుంటే, నీళ్ళు దిగిన మర్నాటినుంచి మొదలుపెట్టి చూడమని నా సలహా.