యంత్రము కూర్చిన చిత్రప్రదర్శన: వాక్యార్థవిచారము

చిత్రశాలలో వస్తువుల నెన్ని, ఒక వరుసలో నిలిపి, వివరణము వ్రాయువాని పని వ్యాఖ్యాత పనికి మిక్కిలి చేరువైనది. ఆ పనిని ఇప్పుడు కృత్రిమమేధకు అప్పగించుచున్నారు. కంప్యూటరు తెఱమీద మాత్రమే యుండు ప్రదర్శనలు ఇందుకు మఱింత అనువైనవి. అచట గోడల కొలతలు లేవు, వస్తువును కదల్పవలసిన శ్రమ లేదు. ఇట్టి కూర్పును వాక్యమువలె పరీక్షింపవచ్చునని నా తలంపు. పదములు కూడినంత మాత్రమున వాక్యము కాదు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెనని శాస్త్రకారులు చెప్పిరి.

సన్నిధి విషయమున యంత్రమునకు సాటి లేదు. అది ప్రతి చిత్రమును సంఖ్యల వరుసగా మార్చుకొని, సంఖ్యలు దగ్గఱగా నున్నవానిని ఒకచోట చేర్చును. గూగుల్ సంస్థ కళావిభాగమున మారియో క్లింగెమన్ పాల్గొని రూపొందించిన ఒక ప్రయోగమున, మనము ఏ రెండు కళాఖండముల నిచ్చినను, వాని నడుమ పోలికగల ఇతర వస్తువులతో యంత్రము గొలుసు కట్టును. చూచుటకు ముచ్చటగా నుండును. ఒకానొకప్పుడు మనకు తోచని సామ్యమును చూపుననుటయు సత్యమే.

యోగ్యత దగ్గఱ చిక్కు మొదలగును. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన నాషర్ చిత్రశాలలో 2023లో చాట్‌జీపీటీచేత ఒక ప్రదర్శనను కూర్పించిరి. అది తెఱమీదిది కాదు, గోడలున్నదే. ఆదర్శలోకము, దుర్లోకము అను విషయమును, అందుకు తగిన వస్తువులను యంత్రమే ఎన్నెను. దాని వివరణములలో తప్పులు దొరలినవని అచటి నిపుణులే చెప్పిరి. నిప్పుతో తడుపుట అను శాస్త్రోదాహరణమువంటి మాటలను యంత్రము తడబడక చెప్పగలదు. అయినను యోగ్యతాలోపము తెలిసినవారు దిద్దగల దోషము.

ఆకాంక్ష అట్టిది కాదు. ‘ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు’ అన్నచో ఒక పదము మఱియొకదానిని కోరదు. పోలికచేత కూర్చిన వరుస తఱచు ఇట్టిదే. (మనుష్యులు కూర్చిన వరుసలన్నియు వాక్యములే యని కాదు, దుమ్ము పట్టిన అలమరలలో ఆ ఏనుగునే పలుమాఱులు చూచితిని.) విశాఖపట్టణమున సముద్రతీరమందలి పాత డచ్చివారి బంగళాలో 1991లో వెలసిన విశాఖ మ్యూజియమున ఒక జపాను బాంబు కలదు. 1942 ఏప్రిల్ 6న నగరముపై వైమానికదాడి జరిగినపుడు పడి, పేలక మిగిలినదది. పట్టికలో ‘బాంబు, లోహము’ అని మాత్రమే యున్నచో, యంత్రము దానిని కత్తులతోను తుపాకులతోను చేర్చును. కాని అది కోరునది 1933లో తెఱవబడిన ఓడరేవును. ఆ రేవు లేనిచో ఈ తీరమునకు ఆ విమానములేల వచ్చును?

ఇంతకంటె సూక్ష్మమైనది ఏటికొప్పాక బొమ్మ. వరాహనది యొడ్డునున్న ఈ యూరు 2022 వఱకు విశాఖజిల్లాలోనిది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. ఇచట అంకుడు కఱ్ఱను త్రిప్పుచు ఉలితో చెక్కి, ఆ త్రిప్పుటలోనే రంగు కలిపిన లక్కను ఒత్తి పట్టింతురు. కొండపల్లిలోనో, పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురు, ఱంపపుపొడి కలిపిన ముద్దతో అవయవముల నతికి, పిదప కుంచెతో రంగు వేయుదురు. ఛాయాచిత్రమున రెండును రంగురంగుల చిన్న కొయ్యబొమ్మలే. యంత్రము పక్కపక్కన నిలుపుట తప్పు కాదు. అయితే ‘రంగు పైన పూసినదా, వేడిమిచే పట్టినదా?’ అను ప్రశ్న ఆ సన్నిధినుండి పుట్టదు. చేతిపని నెఱిగినవాడు దానిని పట్టికలో వ్రాసియుండవలెను.

సాలార్‌జంగ్ మ్యూజియము మొదలగు జాతీయసంస్థల వస్తుసూచికలు అంతర్జాలమున చేరినవి. వానిని చదివియే యంత్రములు రేపటి ప్రదర్శనలను కూర్చును. పనివాండ్ర మాటలు, పనిముట్ల పేర్లు, రంగుల నిచ్చు చెట్ల పేర్లు తెలుగున సేకరించుట మన శాఖలవారు మాండలిక పదకోశములకై ఎఱిగిన పనియే. ఆ పదములే సూచికలోనికి పోవలసియున్నవి. అవి లేనిచో తెఱమీద లక్కనునుపును కుంచెపూతయు ఒక్కతీరుననే మెఱయును.