పేరుండాలి, కానీ అన్నిటికీ కాదు

చూపులేని మా మాస్టారు ఈ వారం ఫోన్ చేసి మంచి కబురు చెప్పారు. కాఫీ గింజల ధర తెలుసుకునే యాప్‌లో ఇప్పుడు ప్రతి బటనూ పేరు చెబుతోందట. మొన్నటిదాకా వేలు ఎక్కడ ఆనించినా, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ‘బటన్, బటన్’ అనేదే తప్ప, ఏ బటనో చెప్పేది కాదు. బొమ్మ పెట్టి దాని వెనక పేరు రాయకపోతే ఫోన్ మాత్రం ఏం చదువుతుంది? యాప్ తయారుచేసేవాళ్లకు అది ఒక్క లైను పని.

ఘాట్ రోడ్డు మలుపైనా, మందు సీసా అయినా పేరు లేకుండా జనం ముందుకు రాకూడదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వాదించాను. చట్టమూ ఇటే ఉంది. కెవైసీ కోసం కెమెరా ముందు కళ్లార్పమంటే ఆర్పలేనివాళ్లు కోర్టుకెక్కారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది.

కోర్టు మాట సరే, నాకు మాత్రం మన పాడేరు వైపు అమ్మాయి పాంగి కరుణకుమారి గుర్తొస్తుంది. 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్. నేపాల్ మీద ఆమె 42 పరుగులు కొట్టింది, కప్పు మనకొచ్చింది. ఆ బంతి ప్లాస్టిక్‌ది, లోపల లోహపు గుళ్లు. బౌలర్ ‘ప్లే’ అని నేల వెంట వదిలితే గలగలమంటూ దొర్లుతూ వస్తుంది. ఆ గలగలను బట్టే బ్యాట్ కదలాలి. అందుకే ఆ క్షణాన చుట్టూ గోల ఉండకూడదు. బంతి మోగడం ఎంత అవసరమో, మిగతావాళ్లు ఊరుకోవడమూ అంతే అవసరం.

ఆ రోజు ఫోన్‌లో మాస్టారు చివర్లో అన్నదీ ఇలాంటి మాటే: “పేర్లెట్టారు బాబూ, బాగుంది. కానీ ఆకు బొమ్మకీ, అడ్డగీతకీ కూడా ఎట్టేశారు. ధర దగ్గరికెళ్లేసరికి ఓపికైపోతోంది.”

ఆ మాటతో నా పాత వాదం సగమే నిలిచింది. అలంకారం కోసం పెట్టిన బొమ్మను స్క్రీన్ రీడర్ దాటిపోయేలా చేసే సౌకర్యం ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. ఇంట్లో కువి భాష మాట్లాడుకుని, తెలుగు తర్వాత నేర్చుకున్నవాళ్లకు పొడవాటి వివరణ ఇంకా బరువు. ‘ధర’, ‘తూకం’, ‘అమ్ము’ చాలు.

పేరు పెట్టమని చట్టం ఆదేశించగలదు. ఎక్కడ ఊరుకోవాలో వినేవాళ్లే చెప్పగలరు. కాబట్టి యాప్ బయటికి రాకముందే వాళ్లను పిలవండి, వాళ్ల పనికి కూలి కట్టండి, వాళ్లు వద్దన్న మాట తీసేయండి.