ఊరట ఎవరికి? ఆధునిక తెలుగు కవిత్వంలో ప్రకృతి ఆశ్రయం: మూడు కావ్యాల పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రకృతిలో శాంతిని వెతుక్కోవడం భావకవిత్వ లక్షణంగా సాహిత్య చరిత్రల్లో స్థిరపడింది. ఆ శాంతి ఎవరికి, ఎంతవరకు, ఏ మూల్యానికి దక్కిందన్న ప్రశ్న మాత్రం తగినంతగా చర్చకు రాలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’, విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’, గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ కావ్యాల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రకృతి, ఊరట, భావకవిత్వం, విశ్రాంతి, సందేశకావ్యం, దళిత కవిత్వం.

1. ఉపోద్ఘాతం:
భావకవిత్వ లక్షణాలను వివరించేటప్పుడు ఆత్మాశ్రయత్వం, అమలిన శృంగారం, స్వేచ్ఛాప్రియత్వాల సరసన ‘ప్రకృతి ప్రీతి’ని కూడా చేర్చడం పరిపాటి. బోధనకు ఈ వర్గీకరణ సౌకర్యంగానే ఉంటుంది. అయితే ‘ప్రీతి’ అనే మాట ఒక ప్రశ్నను పుట్టకముందే మూసేస్తుంది. కవి గాని, కావ్యంలోని పాత్ర గాని మనుషులను విడిచి చెట్టును, ఏరును, పక్షిని ఎందుకు ఆశ్రయించవలసి వచ్చింది? కేవలం సౌందర్యాకర్షణే కారణమైతే ఆ కవిత్వంలో అంత దుఃఖం ఎందుకుంది? ప్రకృతిలో దొరికే ఊరట, మనుషుల మధ్య దొరకనిదానికి కొలమానమని ఈ మూడు కావ్యాలు నిరూపిస్తున్నాయి. ఆ కొలతను గమనించకుండా ప్రకృతి వర్ణనను మాత్రమే ఆస్వాదిస్తే కావ్యార్థంలో సగం చేజారుతుంది.

2. ప్రాచీన కావ్యాల్లో అడవి:
ప్రబంధాల్లో ప్రకృతి వర్ణనకు కొరత లేదు. ఋతువులు, పర్వతాలు, సముద్రం, సూర్యోదయ చంద్రోదయాలు అష్టాదశ వర్ణనల్లో భాగాలు. కాని అక్కడ ప్రకృతి వ్యక్తి వేదనకు ఆశ్రయం కావడం అరుదు. అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయాలకు చేరుకుంటాడు. ఆ సౌందర్యం అతడిని అబ్బురపరుస్తుంది. మంచుకు లేపం కరిగిపోయాక అదే సౌందర్యం చెరసాల అవుతుంది. ప్రవరుడికి శాంతి ఉన్నది అరుణాస్పదపురంలోని తన ఇంట్లో, నిత్యాగ్నిహోత్రంలో. హిమాలయం ఆయనకు విస్మయాన్నిచ్చింది గాని విశ్రాంతినివ్వలేదు.

ముని ఆశ్రమాల్లో శాంతి లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. అయితే అది తపస్సు ఫలం. జాతివైరం మరచి కలిసి తిరిగే మృగాలు ముని మహిమకు నిదర్శనాలుగా వర్ణితమవుతాయి. అడవి తనంతట తానుగా దుఃఖితుణ్ణి ఓదారుస్తుందన్న విశ్వాసం ప్రధాన కావ్యవస్తువుగా నిలదొక్కుకున్నది ఆధునిక కాలంలోనే. ఇంటి పట్ల, ఊరి పట్ల, కులాచారం పట్ల వ్యక్తికి అసంతృప్తి పెరిగిన కాలమే అది కావడం యాదృచ్ఛికం కాదు.

3. ‘కృష్ణపక్షం’ - దాగాలన్న కోరిక:
కృష్ణశాస్త్రి 1920లో వైద్యం కోసం రైలులో బళ్ళారి వెళుతున్నప్పుడు చూసిన అడవి ‘కృష్ణపక్షం’ కావ్యానికి ప్రేరణ అయిందని ఆయన జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. 1922లో ఆయన భార్య మరణించారు. 1925లో కావ్యం వెలువడింది. ఆకుల్లో, పూలల్లో, కొమ్మల్లో ఒకటిగా కలిసిపోవాలని కోరే సుప్రసిద్ధ ఖండిక ఇందులోదే.

ఆ ఖండికను ప్రకృతితో తాదాత్మ్యానికి ఉదాహరణగా చూపడం అలవాటు. దానిలోని క్రియలు మరొక సంగతి చెబుతున్నాయి. కవి కోరుకునేది అడవిలో దాగడం, అక్కడే ఆగడం. దాగడం అనే క్రియకు వెనుక ఎవరో ఒకరు వెతికేవారుండాలి, లేదా చూపు తప్పించుకోవలసిన లోకం ఉండాలి. లోకులు నవ్వినా తనకు లెక్కలేదని ప్రకటించే ధోరణి కూడా ఇదే కావ్యంలో ఉన్నందువల్ల, ఆ లోకం ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు. పైగా కోరిక ప్రశ్నార్థకంగానే నిలిచింది. దాగిన స్థితి ఖండికలో ఎక్కడా సిద్ధించదు. కదిలే రైలు నుంచి చూసిన అడవి అన్న నేపథ్యం దీనికి బలం చేకూరుస్తుంది. ఆగడానికి వీలులేని ప్రయాణంలో పుట్టిన ఆగాలన్న ఆర్తి అది. కాబట్టి ఇక్కడ ప్రకృతి ఊరటను ఇవ్వలేదు. ఊరట అనేది ఒకటి ఉండవచ్చునన్న ఊహను మాత్రం ఇచ్చింది. 1982లో వచ్చిన ‘మేఘసందేశం’ చలనచిత్రం ద్వారా ఈ ఖండిక పాటగా విశేష ప్రచారం పొందింది. సంగీత మాధుర్యంలో సంతోషగీతంగా వినిపించే ఆ పాటను తరగతి గదిలో తిరిగి ప్రశ్నగా చదవవలసిన అవసరం ఉంది.

4. ‘కిన్నెరసాని పాటలు’ - కరిగినా తీరని దుఃఖం:
కృష్ణశాస్త్రి ఖండికలో కోరికగా మిగిలినది విశ్వనాథ గేయకావ్యంలో కథగా జరుగుతుంది. భద్రాచలం ప్రాంతపు అడవుల్లో ప్రవహించి గోదావరిలో కలిసే కిన్నెరసానికి ఆయన ఒక మానవకథను కల్పించారు. అత్త ఆరళ్ళు భరించలేక ఇల్లు విడిచిన కోడలు అడవికి చేరి ఏరై ప్రవహిస్తుంది. ఆమెను పట్టి నిలపాలని చూసిన భర్త శిల అయిపోతాడు. ఇంట్లో తల్లికి ఎదురుచెప్పక కదలకుండా ఉన్న మనిషి, చివరకు కదలలేని రాయి కావడంలో కవి తీర్పు దాగి ఉంది.

స్త్రీ ప్రకృతిలో లీనమైతే ఆమె కష్టం ముగిసినట్లేనని భావించే పాఠకుడిని ఈ కావ్యం అక్కడితో వదిలిపెట్టదు. కిన్నెర నడకలు, నృత్యం, సంగీతం వర్ణించిన తరువాత ‘కడలి పొంగు’, ‘కిన్నెర దుఃఖము’ వస్తాయి. ఏరుగా మారిన తరువాత కూడా ఆమెను సముద్రుడు కోరుకుంటాడు. ఇల్లు విడిచిన స్త్రీకి అడవిలో ఆటపాటలు దొరికాయి, భద్రత దొరకలేదు. ఆమెకు అండ లభించినది గోదావరీ సంగమంలో, అంటే తనవంటి మరొక స్త్రీమూర్తి ఒడిలో. ప్రకృతి అంతటినీ ఏకరూపమైన శాంతినిలయంగా చూపకుండా, దానిలోనూ భయం, ఆశ్రయం రెండూ ఉన్నాయని గుర్తించడం ఈ కావ్యం ప్రత్యేకత. ‘కిన్నెర వైభవము’ వర్ణించిన ముగింపును ఆ దుఃఖం నుంచి విడదీసి చదవకూడదు.

5. ‘గబ్బిలం’ - వినే చెవి కోసం:
పై రెండు కావ్యాల్లోనూ వెళ్ళిపోవడానికి ఒక అడవి ఉంది. 1941లో వెలువడిన ‘గబ్బిలం’ నాయకుడికి ఆ అవకాశం కూడా లేదు. ఆకలితో, అవమానంతో తన గుడిసెలో ఉన్న అరుంధతీసుతుడి దగ్గరకు ప్రకృతే ఒక రాత్రివేళ గబ్బిలం రూపంలో వస్తుంది. లోకం అశుభమని తరిమే ప్రాణిని, లోకం అంటరానివాడని తరిమిన మనిషి ఆదరించి తన కథ చెప్పుకుంటాడు.

ఈ కావ్యానికి కాళిదాసు ‘మేఘదూతం’ మాతృక అన్నది విదితమే. భేదాలే ఇక్కడ ముఖ్యం. యక్షుడి శాపానికి గడువు ఒక సంవత్సరం. అరుంధతీసుతుడి బహిష్కారానికి గడువు లేదు. యక్షుడి సందేశం ప్రియురాలికి, ఇతడి విన్నపం కైలాసవాసికి. గబ్బిలాన్ని దూతగా ఎంచుకోవడానికి కారణం దాని సౌందర్యం కాదు, దానికున్న ప్రవేశాధికారం. గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలానికి దేవుడి చెవి దగ్గర. ఆ గుడి గడప తొక్కే వీలు నాయకుడికి లేదు. పూజారి లేని సమయం చూసి విన్నవించమని అతడు కోరడంలో, భక్తుడికీ దేవుడికీ మధ్య నిలిచిన వ్యవస్థ మొత్తం కనిపిస్తుంది.

భావకవిత్వ ప్రకృతికీ జాషువ ప్రకృతికీ ఉన్న మౌలిక భేదం శ్రమ. నాయకుడి రెక్కల కష్టం లేనిదే పైరు పండదని కవి స్పష్టంగా చెబుతాడు. పొలం అతడికి చూసి సేదదీరే దృశ్యం కాదు, పనిచేసే చోటు. ప్రపంచానికి అన్నం పెట్టే నేలతో అంత దగ్గరి బంధం ఉండీ ఆ అన్నానికి అతడు దూరం. వర్ణవ్యవస్థను నాలుగు పడగల సర్పంగా చిత్రించడం కూడా గమనార్హం. విషం ఉన్నది అడవిలో కాదు, సమాజంలో. ఇంత జరిగిన తరువాత అతడికి దొరికిన ఊరట చాలా చిన్నది: కులం అడగకుండా వినే ఒక ప్రాణి. అది చిన్నది కావడమే సమాజంపై పెద్ద అభియోగం.

6. పాఠకుడి విశ్రాంతి, పాత్ర విశ్రాంతి:
రసానుభవాన్ని చైతన్యపు విశ్రాంతిగా అభినవగుప్తుడు వివరించాడు. ఈ కావ్యాలు చదివిన సహృదయుడికి అటువంటి విశ్రాంతి కలగడం సహజం. దానిని పాత్ర పొందిన విశ్రాంతిగా పొరబడడం వల్లనే ‘ప్రకృతి ప్రీతి’ అన్న స్థూల నిర్ణయం ఏర్పడింది. కిన్నెర నడకల లయ పాఠకుడికి ఆహ్లాదం. కిన్నెరకు అది ఇల్లు విడిచిన ప్రయాణం.

ఈ విధమైన పఠనం ప్రకృతిని కేవలం సామాజిక వేదనకు సాకుగా మారుస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. ఆ ప్రమాదం నిజమైనదే. అయితే ఈ కావ్యాల్లో ప్రకృతి తన స్వభావాన్ని కోల్పోలేదు. కిన్నెరసాని నిజంగానే గోదావరిలో కలిసే ఏరు. గబ్బిలం నిజంగానే చీకటి మండపాల్లో వేలాడే నిశాచరి. కవులు వాటి సహజ ధర్మాల నుంచే అర్థాన్ని సాధించారు. మనిషి బాధను, ప్రకృతి స్వతంత్ర ఉనికిని రెంటినీ గౌరవించే విమర్శకు ఇక్కడ ఆధారం ఉంది.

7. ముగింపు:
కృష్ణశాస్త్రిలో ఊరట కోరికగా నిలిచింది. విశ్వనాథలో అది రూపాంతరంగా జరిగి, దుఃఖాన్ని దాటి, మరొక నది తోడుతో పూర్తయింది. జాషువలో వినే చెవిగా కుదించుకుపోయింది. మూడింటినీ ఒకే శీర్షిక కింద చేర్చితే, దాగడానికి అడవి ఉన్నవారికీ, అడవి చేరినా భయం వీడనివారికీ, గుడిసె దాటలేనివారికీ మధ్య ఉన్న దూరం చెరిగిపోతుంది. ప్రకృతి కవిత్వంపై జరిగే పరిశోధన వర్ణనల పట్టికలతో ఆగకుండా, ఆశ్రయం కోరినది ఎవరు, తలుపు మూసినది ఎవరు అన్న రెండు ప్రశ్నలను ప్రతి కావ్యానికీ వేయాలి. చెట్టు నీడ అందరిపైనా ఒకేలా పడుతుందన్నది నిజం. ఆ నీడ దాకా నడిచి రాగల హక్కు అందరికీ ఒకేలా లేదన్నదీ అంతే నిజం.