తప్పు ఏడ పుట్టింది?

ముంబైలో వర్లీ బీడీడీ చాళ్లలో మా పెద్దబాపు గదికి కిటికీ ఒక్కటే. ఆదివారం పొద్దున ఆ కిటికీకి అడ్డంగా మూరెడు ముతక గుడ్డ పట్టుకుని "ఏం కనవడ్తుంది రా?" అనేవాడు. నాకు గుడ్డ కనపడేది, దాని వెనక ఎండ కనపడేది. కళ్లు చికిలించి చూడగా చూడగా ఒకచోట సన్నటి గీత. "గీత ఉంది పెద్దబాపూ" అంటే ఆయనకు ఆనేది కాదు. "ఉన్నదని ఎవడన్న చెప్తడు. ఏడ పుట్టిందో చెప్పు."

ఆయన ఒక మిల్లు ఘడీ ఖాతాలో తాన్లు చూసేవాడు. నేసిన గుడ్డను మడతపెట్టి బేళ్లు కట్టే ముందు ఆఖరిసారి మనిషి కంటి కింద నుంచి పోయే చోటు అది. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనైనా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ అంటున్నది ఆ పనినే. దానికి సర్టిఫికెట్లు, కోర్సులు ఉన్నాయి. పెద్దబాపుకు ఆ కిటికీ ఉంది.

ముంబైలోనే ఉన్న కామాఠీపుర పేరులోనే మన తెలుగువాళ్లున్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాటి కూలీలు, తాపీమేస్త్రీలు స్థిరపడ్డ చోటు అది. ఆ సందుల పేరెత్తితే లోకం ఒక్క సంగతే తలుచుకుంటుంది. అది రాసేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను రాయను. అక్కడికి నడిచిపోయే దూరంలోనే, తార్‌దేవ్‌లో, 1854లో కవాస్‌జీ దావర్ పెట్టిన కంపెనీ మిల్లు కట్టింది. 1856లో అందులో పని మొదలైంది. మిల్లులు పరేల్, వర్లీ వైపు పెరిగేకొద్దీ వాటి వెంట తెలంగాణ జిల్లాల పద్మశాలీలు కదిలారు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన 207 చాళ్లలో 121 వర్లీలోనివే. ఒక్కో చాల్‌కు 80 గదులు, గదికి 160 చదరపు అడుగులు.

ఈ పద్మశాలీలకు మిల్లు కొత్తే గానీ గుడ్డ కొత్త కాదు. నేతింట పుట్టిన పిల్లకు నడక రాగానే కండె చేతికొస్తుంది. తెగిన పోగు అతకడం, గంజి ఎక్కువైతే పోగు పెళుసెక్కుతుందని, తక్కువైతే నూగు లేస్తుందని కనిపెట్టడం పలక పట్టకముందే అబ్బుతాయి. మిల్లులో నేతగాణ్ని సాంచెవాలా అనేవారు. సిరిసిల్లలో ఇప్పటికీ మరమగ్గం పేరు సాంచానే.

పెద్దబాపు నేర్పిన మొదటి పాఠం కంటికి కాదు, చేతికి. తాను బల్ల మీద పరుచుకుని పోతుంటే అరచెయ్యి కింద నుంచి ఆనించి ఉంచాలి. పలచబడిన చోట, ముడి ఉబ్బిన చోట, రెండు పోగులు ఒకటైన చోట చర్మానికి ముందు తెలుస్తుంది. "కండ్లు అలిసిపోతయి బిడ్డా, చెయ్యి అలిసిపోదు" అనేవాడు. నేను ఎంతో కాలానికి గానీ నమ్మలేదు. దీపం వెలుతురు ఒకే తీరుగా ఉండి, గుడ్డ కొంచెం వాలుగా కదిలే బల్ల దగ్గర నాలుగు గంటలు నిలబడితే చాలు, కళ్లు ఉన్నదాన్ని దాటేసి లేనిదాన్ని చూపించడం మొదలుపెడతాయి.

రెండో పాఠం దిక్కు. గీత గుడ్డ పొడవునా పోతే పడుగు సంగతి, అడ్డంగా పోతే పేక సంగతి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. పొడవు గీత ఉన్నట్టుండి మొదలై, గజమో గజమున్నరో పోయి, ఉన్నట్టుండి ఆగిందనుకోండి: పోగు తెగింది, సాంచెవాలా ఆలస్యంగా చూసుకుని అతికాడు. ఆ గీత తాను మొత్తం పోయి, పడుగు చుట్టిన బీము మార్చాక కూడా అక్కడే ఉంటే పోగులను విడదీసే అచ్చులో పన్ను వంగింది. బీముతోపాటే పోతే ఆ బీములోకి వేరే నంబరు పోగు ఒకటి దూరింది. మొదటిది నేతగాడి తప్పు, రెండోది అచ్చు మార్చని మేస్త్రీది, మూడోది అసలు ఆ ఖాతాలో పుట్టనే లేదు.

అడ్డంగా వచ్చే పట్టీలకూ ఇంతే. పట్టీ వెడల్పు సరిగ్గా ఒక కండె నేసినంత ఉంటే ఆ కండెలోనే వేరే నూలు ఉంది. మగ్గం ఆగి మళ్లీ కదిలిన ప్రతిచోటా సన్నటి పలచన వస్తుంటే బ్రేకు అరిగింది. ఒక్కసారి వచ్చి పోతే మనిషి పరాకు. నూనె మరక అంచుల దగ్గర చుక్కలుగా ఉంటే మగ్గానికి పోసిన నూనె చిందింది. అదే ఒక్క పేక పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నల్లగా ఉంటే మగ్గాన్ని తిట్టి లాభం లేదు, కండె చుట్టేటప్పుడే అంటుకుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది దూరం కొలిచే పాఠం. ఒకే మచ్చ ఒకే ఎడంతో మళ్లీ మళ్లీ వస్తుంటే ఏదో గుండ్రటిది తిరుగుతూ ఆ మచ్చ వేస్తున్నట్టు. ఎడం కొలిచి 3.14తో భాగిస్తే ఆ రోలరు అడ్డకొలత వస్తుంది. 47 సెంటీమీటర్లకోసారి మచ్చ పడుతుంటే 15 సెంటీమీటర్ల రోలరు ఎక్కడుందో వెతుక్కోవాలి. పోగులోనే ఎనిమిది సెంటీమీటర్లకోసారి లావు కనపడితే నేత ఖాతా దాటి వెనక్కి, వడికే ఖాతాకు పోవాలి. అక్కడ 25 మిల్లీమీటర్ల ముందు రోలరు వంకర తిరుగుతోంది. గుడ్డ ముక్క చేతిలో పెట్టుకుని, మిల్లు లోపలికి అడుగు పెట్టకుండానే ఏ యంత్రం దగ్గరికి పోవాలో చెప్పడం బడిలో చదివిన లెక్కలకు దొరికిన మొదటి ఉపయోగం నాకు.

లెక్క మాటొచ్చింది కాబట్టి నూలు నంబరు సంగతీ చెప్పేస్తాను. గజమున్నర చుట్టుకొలత ఉన్న చక్రం మీద 80 చుట్లు తిప్పితే 120 గజాలు, దాన్ని లీ అంటారు. పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్నొస్తే అదే నంబరు. 120 అంటే 840లో ఏడో వంతు, పౌనుకు 7000 గ్రెయిన్లు. అందుకని 1000ని లీ బరువుతో భాగిస్తే పనైపోతుంది: 50 గ్రెయిన్లు తూగితే 20 నంబరు. ఇక పిక్ గ్లాసు. మడతపెట్టే ఇత్తడి చట్రం, అంగుళం గడి, పైన భూతద్దం. సూదిమొనతో ఒక్కో పోగూ జరుపుతూ లెక్కపెట్టాలి. అంచు దగ్గర లెక్కపెట్టినవాడికి మార్కులుండవు, అక్కడ పోగులు ఎప్పుడూ ఒత్తుగానే ఉంటాయి.

పొద్దున చూసిన ముక్కనే సాయంత్రం, వేరేదని చెప్పి, మళ్లీ ఇచ్చేవాడు. రెండుసార్లూ ఒకే లెక్క చెప్పాలి. చెప్పకపోతే తప్పు గుడ్డలో కాదు, చూసేవాడిలో ఉన్నట్టు. అదే ముక్క పక్క గదిలోని మరో ఘడీవాలాకు కూడా పోయేది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో గేజ్ ఆర్ అండ్ ఆర్ అని రెండు రోజుల శిక్షణ పెట్టి నేర్పేది ఇలాంటిదే.

"ఏడ పుట్టింది" అన్న పట్టుదల ఆయనకు ఊరికే రాలేదు. సాంచెవాలాగా ఉన్న రోజుల్లో ఒక మిల్లులో, పేరెందుకు, పట్టీలు పడ్డ తాను ఒకటి ఆయన లెక్కలో రాశారు. బ్రేకు అరిగిందని మేస్త్రీ, అంటే జాబర్‌కు చెబుతూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు, జీతంలో కోత పడింది. అంతకుముందు తరానికైతే పాడైన గుడ్డను నేతగాడికే అంటగట్టి దాని ఖరీదు జీతంలో పట్టుకునేవారు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం సంజాయిషీ చెప్పుకోనివ్వకుండా అలాంటి కోత వేయకూడదంది. చట్టమైతే ఉండేది, కానీ సంజాయిషీ చెప్పడానికి తప్పు పుట్టుక తెలిసిన సాక్షి కావాలి కదా. బల్ల దగ్గర నిలబడ్డవాడు "పట్టీ" అని రాసి ఊరుకుంటే కోత నేతగాడికి. "బ్రేకు" అని రాస్తే మేస్త్రీ పానా పట్టుకుని రావాలి. ఒక్క మాట తేడా.

కామాఠీపుర సందుల్లో బీడీలు చుట్టిన తెలుగు ఆడవాళ్లకు ఈ బాధ మరో రూపంలో తెలుసు. కట్ట తెచ్చి చెకర్ ముందు పెడితే ఛాట్ అని కొన్ని పక్కకు తీసేసేవాడు, వాటికి కూలి లేదు. ఆకు పుచ్చిందా, చుట్టు వదులైందా? కంపెనీ ఇచ్చిన ఆకే పుచ్చితే చుట్టినామె ఏం చేస్తుంది? 1966 బీడీ కార్మికుల చట్టం ఇచ్చిన సరుకు గురించి, తీసేసిన బీడీల గురించి వచ్చే తగాదాలను తేల్చే దారి పెట్టిందంటే ఆ తగాదాలు ఎంత ముదిరి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఈ చాళ్ల నేర్పును పొగిడేటప్పుడు దాచకూడనిది ఒకటుంది. నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి లాగేవారు. ఆ ఎంగిలి సాకు చూపించి దళితులను నేత ఖాతాలోకి రానివ్వలేదు. కూలి ఎక్కువ వచ్చే ఖాతా అదే. 1928 మిల్లు సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ సంగతి మీద కార్మిక నాయకులను నిలదీశాడు. వంకర పన్నును వేలితో పట్టుకోగలిగిన మనవాళ్లలో ఎంతమంది ఆ తప్పును చూసీ చూడనట్టు పోయారో అడగాల్సిందే.

ఇప్పటి పద్ధతుల గురించి ఎక్కువ చెప్పను, ఏ కోర్సులోనైనా దొరుకుతాయి. గుడ్డకు నాలుగు పాయింట్ల లెక్క: లోపం మూడంగుళాల్లోపు ఉంటే ఒకటి, ఆరు దాకా రెండు, తొమ్మిది దాకా మూడు, దాటితే నాలుగు. ఒక గజానికి నాలుగుకు మించి వేయకూడదు. 100 గజాల పొడవు, 48 అంగుళాల పన్నా ఉన్న తానుకు 32 పాయింట్లు పడితే వంద చదరపు గజాలకు 24 అవుతుంది. మామూలుగా 40 దాకా ఒప్పుకుంటారు కాబట్టి పాసు. మంచి పద్ధతే, తగాదాలు తగ్గిస్తుంది. కానీ అది లోపం పొడవు చెబుతుంది, పుట్టుక చెప్పదు. పుట్టుక గురించి ఆలోచించినవాడు అమెరికాలో వాల్టర్ షూహార్ట్. ఎప్పుడూ ఉండే చిల్లర తేడా వేరు, ఫలానా చోట పుట్టిన తేడా వేరు, రెండింటినీ గీత గీసి విడదీయాలని 1924లో చూపించాడు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలిస్తే 1947-48లో మన దేశానికీ వచ్చాడు. షూహార్ట్ పేరు పెద్దబాపు విని ఉండడు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే మాత్రం దుబాసీ అవసరం పెద్దగా ఉండేది కాదు.

1982 జనవరి 18న ముంబై మిల్లుల్లో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు. చాలామంది మళ్లీ లోపలికి పోలేదు. మిల్లుల జాగాల్లో మాల్‌లు లేచాయి. మగ్గాలు భివండీలో ఆడాయి, అక్కడి పద్మానగర్‌లో ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది. వర్లీ చాళ్లను కూల్చి బహుళ అంతస్తులు కడుతున్నారు.

సమ్మెనాటికి పాతికేళ్లున్నవాడు ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డాడు. ఘడీ ఖాతాలో పనిచేసినవాళ్లు వర్లీలో, కామాఠీపురలో, భివండీలో ఇంకా ఉన్నారు. కొత్తగా తాన్లు చూసే పనిలో చేరిన పిల్లలకు తప్పు పేరు చెబుతున్నారే గానీ దాని వెనక్కి ఎలా పోవాలో ఎవరూ చెప్పడం లేదు. ముంబైలోని తెలుగు సంఘాలు పండగ సభల మధ్య ఒక్క వారం తీసి, ఆ పెద్దమనుషులను ఒక బల్ల దగ్గర, నాలుగు పాడైన తాన్ల ముందు కూర్చోబెట్టాలి. ఎదురుగా పది మంది పిల్లలుంటే చాలు. ఈ దసరాకే పెట్టండి.