సైకాలజీ చదువు – ఈమాన్ భయం: మాలిక్ బద్రీ రెండు గ్రంథాలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో పిల్లలు సైకాలజీ చదువుతామంటే పెద్దలు రెండు అభ్యంతరాలు చెప్పడం కద్దు. ఆ చదువుకు ఉద్యోగమెక్కడిదనేది ఒకటి. అది ఈమాన్‌ను చెరుపుతుందనేది రెండవది. మొదటిదానికి జవాబు తేలిక. మానసిక చికిత్సకు పేరెన్నికగన్న నిమ్హాన్స్ ఉన్న బెంగుళూరు హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్లు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. రెండవదాన్ని మాత్రం నవ్వి త్రోసివేయరాదు.

మౌలానా అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ (1892–1977) ఉదంతం చూడండి. లక్నో కానింగ్ కళాశాలలో చదివే రోజులలో ఆయన ఆంగ్ల మనస్తత్వ గ్రంథాలను ఆబగా చదివారు. హెన్రీ మాడ్స్‌లీ అనే వైద్యుడు దైవప్రవక్త (స)పై అవతరించిన వహీని మూర్ఛరోగ లక్షణంగా చిత్రించిన పుటలు ఆయన విశ్వాసాన్ని కుదిపివేశాయి. కొన్నేళ్ళు నాస్తికులుగానే ఉన్నారు. ఉర్దూలో మనోభావాలను గురించి ‘ఫల్సఫయె జజ్బాత్’ వ్రాసినది ఆ కాలంలోనే. 1917లో హైదరాబాదు దారుత్తర్జుమాలో చేరారు. మరి ఆయన తిరిగి వచ్చినదెట్లు? పుస్తకాలు మూసివేసి కాదు. షిబ్లీ సీరత్‌నూ, రూమీ మస్నవీనీ చదివి. అనంతరం ఖుర్ఆన్ వ్యాఖ్యాతగా ప్రసిద్ధులైనారు. ఆయనకు దెబ్బ తగిలినది ప్రయోగంలో రుజువైన విషయం వలన కాదు, ఒక వైద్యుడు తన పరిధి దాటి చేసిన వ్యాఖ్య వలన. శాస్త్రమేదో, శాస్త్రజ్ఞుని అభిప్రాయమేదో విడదీసి చూపేవారు ఆ యువకుని పక్కన ఉన్నట్లయితే కథ వేరుగా ఉండేదేమో.

ఆ విడదీసే పనికి పూనుకున్నవారు సూడాన్ దేశీయులు డాక్టర్ మాలిక్ బద్రీ (1932–2021). 1975లో అమెరికాలో ముస్లిం సామాజిక శాస్త్రవేత్తల సభలో చేసిన ప్రసంగాన్ని విస్తరించి 1979లో ‘ది డైలమా ఆఫ్ ముస్లిం సైకాలజిస్ట్స్’ ప్రకటించారు. పూర్వజాతుల వెంటబడి ఉడుము బొరియలో సైతం దూరేవారిని గురించిన హదీసు ఆ ప్రసంగానికి పేరునిచ్చింది. ముస్లిం మనస్తత్వవేత్త మూడు దశలు దాటుతాడని ఆయన అంటారు: పాశ్చాత్య సిద్ధాంతాలపై వ్యామోహం, వాటికీ ఇస్లామ్‌కూ రాజీ కుదిర్చే ప్రయత్నం, చివరకు విముక్తి. ఈ విభజన సూక్ష్మమైనది. ముఖ్యంగా రెండవ దశను ఎండగట్టిన తీరు మెచ్చదగినది. ఫ్రాయిడ్ చెప్పిన ‘ఇడ్’ను తెచ్చి నఫ్సె అమ్మారాకు అంటగట్టి సంతోషించేవారు మనలోనూ ఉన్నారు గదా!

అయితే ఈ గ్రంథాన్ని పేరు చూసి నిషేధపత్రంగా చదివేవారున్నారు. అది పొరపాటు. బద్రీ స్వయంగా చికిత్సకులు. బిహేవియర్ థెరపీ పద్ధతులను రోగులపై ప్రయోగించినవారు. ప్రవర్తనావాదపు తత్వాన్ని నిరాకరిస్తూ దాని పనిముట్టును స్వీకరించారు.

నా అసంతృప్తి వేరొకటి. పుస్తకంలో ఎక్కువ భాగం ఫ్రాయిడ్‌తో పోరుకే పోయింది. ధర్మవరంలో పట్టుమగ్గాన్ని నమ్ముకొని అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న నేతకార్మికులున్నారు. అటువంటివాని నిస్పృహకు చిన్ననాటి కామవాంఛ కారణం కాదని బద్రీతోపాటు మనమూ చెప్పవచ్చు. కాని అది ఈమాన్ లోపం మాత్రమేనని చెప్పి ఊరుకోవడం కూడ అంతే అన్యాయం. ఆత్మహత్య హరామ్ అని తెలిసిన ఇంటివారు దిగులును దాచిపెడతారు. దాచిన దిగులు ముదురుతుంది. ఇక మనసు చెదిరినవారిని దర్గాలకు తీసుకుపోవడం మన దక్షిణాదిలో పాత అలవాటు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు రేగి, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది రోగులు మరణించారు. ఏర్వాడి వేరు, హిందువులూ ముస్లింలూ ఉభయులూ వచ్చే పెనుకొండ బాబయ్య దర్గా వేరు. కాని దుఆ కోరి వచ్చినవానికి మందు కూడ అవసరమని మృదువుగా చెప్పగల మనిషి ఎక్కడైనా కావలసిందే. ఆ మనిషిని తయారు చేసేది విశ్వవిద్యాలయమే.

ఈ లోటును కొంత తీర్చేది బద్రీ తరువాతి కృషి. అబూ జైద్ బల్ఖీ (మరణం 934) రచించిన ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’లో మనసుకు సంబంధించిన భాగాన్ని ఆయన ఆంగ్లంలోకి అనువదించగా 2013లో వెలువడింది. కారణం తెలిసిన దుఃఖం, కారణం తెలియని దుఃఖం అని బల్ఖీ చేసిన విభజన, రెండవదానికి దేహంలోనే మూలం వెతకడం నేటి పాఠకుని ఆశ్చర్యపరుస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను కూడబెట్టుకోమనడం, ఇంట్లో మందులు ఉంచుకున్నట్లు, మరింత చక్కగా ఉంది. కాని గ్రంథం ఉపశీర్షిక దీనిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అని పేర్కొనడం నాకు రుచించలేదు. ‘అంతా మనవారే ముందు చెప్పారు’ అనడం పైన చెప్పిన రాజీ దశకే మరో రూపం కాదా? బల్ఖీ దేహవిచారణ ఆనాటి రక్త, పిత్తాదుల వైద్యంపై నిలిచినది. దానిని నేటి విద్యార్థి యథాతథంగా తీసుకోలేడు. తీసుకోవలసింది చూపు.

ఉర్దూలో ఈ శాస్త్రాన్ని నఫ్సియాత్ అంటాము, తెలుగులో మనస్తత్వ శాస్త్రం. బల్ఖీ చివర చర్చించిన వస్వాస్‌ను తెలుగులో ఏమనాలి? వుజూ చేసినది చాలలేదేమోనని పదిమార్లు కుళాయి దగ్గరకు పోయేవానిని ఇంట్లో ‘చాదస్తం’ అని విసుక్కుంటారు, మస్జిదులో భక్తిపరుడని మెచ్చుకుంటారు. అతడు బాధపడుతున్నాడని తెలిపే మాట ఈ రెండింటిలోనూ లేదు. బల్ఖీని తెలుగు చేయబూనేవారు ముందుగా ఆ మాటను వెతకవలసి ఉంటుంది.